బెజ్జం లేని కవరు

రేపల్లె స్టేషన్ రోడ్డులో సుగుణమ్మ టీ కొట్టు బల్ల మీద శేషగిరిరావు కూర్చున్నాడంటే టీ చల్లారాల్సిందే గాని కథ చల్లారదు. కొట్టు పక్కనే అతని తోపుడు బండి. సెల్ ఫోన్ కవర్లు, అద్దాలు, చార్జర్లు అమ్ముతాడు. ఫోన్లు మాత్రం అమ్మడు. ఫోన్ల గురించి చెబుతాడు.

ఆ చెప్పేదంతా నోరు తెరుచుకుని వినే మనిషి బర్నబాస్. నిజాంపట్నం రేవులో మరబోటు నడుపుతాడు. పోయినేడు అతని ఫోన్ మంచినీళ్ళ బానలో పడి చచ్చిపోతే, ఊరంతా పారెయ్యమన్నారు. శేషగిరి దాన్ని విప్పి, తుడిచి, బియ్యం డబ్బాలో పాతి, మూడో నాడు మాట్లాడించాడు. ఆ రోజు నుంచి శేషగిరి సముద్రంలో ఉప్పు తక్కువైందన్నా బర్నబాస్ అవుననే అంటాడు.

ఈసారి ఫోన్ ఉప్పునీళ్ళలో పడింది. బియ్యానికి లొంగలేదు. తెల్లారితే బోటు వేటకు పోవాలి. ఇంట్లో కూతురు ఫ్లోరెన్స్‌కి నెలలు నిండాయి, తొలి కాన్పు. వేట ముగించుకుని, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరికి రాగానే సిగ్నల్ అందుతుంది, అక్కడే కబురు తెలియాలి. అందుకని భార్య అచ్చమ్మతో కలిసి కొత్త ఫోన్ కొనడానికి వచ్చాడు. ఎదురు కొట్లో ఒకటి బేరమాడి పక్కన పెట్టించి, టీ తాగి తీసుకుందామని ఇటు వచ్చారు.

"ఆగు బావా! ఇప్పుడు కొన్నావంటే నెత్తిన గుడ్డేసుకోవాలి" అన్నాడు శేషగిరి.

"ఏంటండీ అంత మాటన్నారు?"

శేషగిరి జేబులోంచి ఒక కవరు తీశాడు. నల్లది, మెత్తటిది. "ఇదేంటో తెలుసా? ఇంకా పుట్టని ఫోన్‌కి చొక్కా. బిడ్డ పుట్టకముందే చొక్కా కుట్టించరూ? ఇదీ అంతే. ఫోను దీపావళికట. కవరు మాత్రం మొన్న తెనాల్లో నా చేతికొచ్చింది. ఎవరిచ్చారో చెప్పను, మాటిచ్చా."

"ఉత్త కవరుతో ఏం తెలుస్తదండి?"

"ఉత్త కవరా? అడుగుజాడ చూసి గేదె చూడిదో వట్టిదో చెప్పే ఊళ్ళో పుట్టినోణ్ణి నేను. చూడు, ఈ వెనక బెజ్జం. అరచెయ్యంత! అంటే కెమెరా ఎంతుండాలి? ఇప్పుడు కింద తడిమి చూడు. చార్జింగ్ బెజ్జం ఉందా?"

బర్నబాస్ తడిమాడు. నున్నగా, గోడలా ఉంది. "లేదండి!"

"లేదు గదా! అంటే దానికి కరెంటు తిండి లేదు. గాలి తిని బతుకుద్ది. కృష్ణ పుష్కరాలకి ఒకసారి ఎండలో పెడితే మళ్ళీ పుష్కరాల దాకా దాని జోలికి పోనక్కర్లా."

"అమ్మో, పన్నెండేళ్ళే!" అంది సుగుణమ్మ, పాలు పొంగుతున్నా చూసుకోకుండా.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ కవరు చూసుకుంటా, తెనాల్లో రేపల్లె బండి అనుకుని చీరాల బండెక్కా. ఎదురుగా ఒకాయన, టోపీ, నల్ల కళ్ళద్దాలు. నా చేతిలో కవరు చూసి వణికిపోయాడు. ఎవరనుకున్నావ్? ఆ కంపెనీ ఇంజనీరు! ఫోన్ని టిఫిన్ డబ్బాలో దాచి, సూర్యలంక బీచిలో పరీక్ష చెయ్యడానికి పోతన్నాడు. బాపట్లలో నా చెయ్యి పట్టుకుని దించాడు. నేను కవరు తొడిగా. ఇట్టా సర్రున ఎక్కింది. ఆయన కళ్ళమ్మట నీళ్ళు!"

"పాపం" అన్నాడు బర్నబాస్.

"ఫోన్ని సముద్రం వైపు పెట్టా. నేను నొక్కకముందే ఫొటో తీసింది. నేను నొక్కుతానని దానికి తెలుసు! కొంచెం పక్కకి తిప్పానా, మీ నిజాంపట్నం రేవు. చేపల వేలం పాట జరుగుతంది. గంపలో చందువా పొలుసులు లెక్కపెట్టుకోవచ్చు. ఇంకొంచెం ముందుకు లాగానా, సముద్రం దాటి అండమాన్! ఎవరో ఒకావిడ అట్టు పోసి పక్కింటావిడతో మాట్లాడతంది. 'అమ్మా, అట్టు మాడతంది' అని ఫోన్లోనే కేకేశా. గబగబా వచ్చి తిరగేసింది తల్లి!"

"మాడిందా?" అంది సుగుణమ్మ ఆదుర్దాగా.

"అంచు మాత్రం. అంతలో పెద్ద అల వచ్చి ఫోన్ని ఎత్తుకుపోయింది. ఇంజనీరు ఇసకలో పడి దొర్లుతున్నాడు. నేను మాత్రం 'ఉండండి సార్, దాన్ని ఆడుకోనివ్వండి' అన్నా. కాసేపటికి అదే ఈదుకుంటా వచ్చింది. ఊరికే రాలా, ముందు ఒక వంజరం చేపని తోలుకుంటా వచ్చింది! పులుసు పెట్టుకున్నాం."

బర్నబాస్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. అతని కళ్ళకి రేపల్లె కనిపించడం లేదు. నడిసముద్రంలో బోటు మీద నిలబడి, ఆ ఫోన్ని ఒడ్డు వైపు తిప్పితే, గుడ్డల్లో చుట్టిన పసిగుడ్డు పిడికిలి బిగించి ఆవలిస్తూ కనపడుతోంది.

"అచ్చమ్మా, ఈ వేటకి ఫోన్ లేకుండానే పోతా. దీపావళికి ఇదే కొందాం" అన్నాడు.

అచ్చమ్మ మొగుడి చేతిలోంచి కవరు తీసుకుంది. ముందు మెచ్చుకోలుగా నిమిరింది. తర్వాత ఫోన్ పట్టుకున్నట్టు చెవికి ఆనించుకుంది. బొటనవేలితో కింది అంచంతా ఈ చివర నుంచి ఆ చివరకి తడిమింది.

"అన్నయ్యగారూ, చాలా బాగుంది. నాకూ ఆశ పుడతంది. ఒక్కటే అడుగుతా."

"అడుగమ్మా, వంద అడుగు."

"మన ఫోన్లకి చార్జింగ్ బెజ్జం పక్కనేగా చిన్న చిన్న బెజ్జాలు? మన మాట పోయేది వాటిలోంచేనని పోయినేడు మీరే చూపించారు. దీనికి అవీ లేవు. మరి అండమాన్ ఆవిడకి మీ కేక ఎటునుంచి పోయింది?"

శేషగిరి కవరు తీసుకుని తిప్పి చూశాడు. బెజ్జాలు కొట్టడం మర్చిపోయిన సరుకు అది. తెనాల్లో ఎవరికీ అక్కర్లేక అతనికి చేరింది.

"ఫ్లోరెన్స్‌కి నొప్పులొస్తే ఈయనకి నేనెట్టా చెప్పాలి? ఒడ్డున నిలబడి చెయ్యి ఊపాలా? పుష్కరాల దాకా ఊపుతానే ఉండాలా?"

శేషగిరి గ్లాసులో టీ మీద మీగడ కట్టింది. అతను మాట కోసం వెతుక్కోవడం బర్నబాస్ అంతకుముందు ఎన్నడూ చూడలేదు. చూడబుద్ధి కాక తల దించుకున్నాడు.

అంతలో శేషగిరి తొడ చరిచాడు. "అందుకేగా తల్లీ ఇంకా విడుదల చెయ్యంది! అన్నీ పెట్టారు, నోరు ఎక్కడ పెట్టాలో తెలియక కూర్చున్నారు!"

"ఇంకెక్కడి నోర్రా అబ్బాయ్, దాని నోరు కూడా నీకే పెట్టారుగా!" అంది సుగుణమ్మ.

అందరికన్నా ముందు నవ్వింది శేషగిరే. బర్నబాస్ కళ్ళు తుడుచుకుని లేచాడు. భార్యతో రోడ్డు దాటి, పక్కన పెట్టించిన ఫోనే తీసుకుని వచ్చాడు.

శేషగిరి బండి మీద కవర్లన్నీ చిందరవందర చేసి ఒకటి పైకి తీశాడు. కింది బెజ్జాలు వెలుతురుకి పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు. తనే ఫోన్‌కి తొడిగి బర్నబాస్ చేతిలో పెట్టాడు.

"దీనికి నోరుంది బావా, పట్టుకెళ్ళు."