గంట కొట్టకముందు

ఎనభై నాలుగో సంవత్సరం, ఎండాకాలం. తిరుచానూరు దారిలో ఒక చిన్న పెరుమాళ్ల గుడి. స్వామికి వంట చేసే మడపల్లి గడపకు లోపల వంటస్వామి సుదర్శనం, బయట, కాలేజీ ల్యాబులో పనిచేసే ఆయన కూతురు వేదవల్లి.

“గడప దాటొద్దు వేదా. ఏం చెప్పినా ఆడ్నించే చెప్పు.”

“దాటలే నాయనా. ఆ దద్దోజనం గంగాళం మాత్రం ఈ పూట స్వామి దగ్గరికి పోకూడదు.”

“మళ్లీ అదే మాట.”

“నిన్న మధ్యాన్నం ఈడ దద్దోజనం తిన్నోళ్లంతా సాయంత్రానికి వాంతులు చేసుకోని పడిపోయినారు.”

“ఎండదెబ్బకి వాంతులు రావా?”

“పులిహోర తిన్నోళ్లకి తగలని ఎండ దద్దోజనం తిన్నోళ్లకే తగిలిందా?”

“నాకు పనుండాది. పో.”

“వరలక్ష్మమ్మవ్వ ఇంకా కళ్లు తెరవలే. ఆస్పత్రిలో సెలైను ఎక్కిస్తా ఉండారు.”

“ఏ వరలక్ష్మమ్మ?”

“పూలమ్మే అవ్వ. రోజూ నీ చేతికి తులసి తెచ్చిచ్చే అవ్వ.”

“ఆయమ్మకి పోయినేడు కూడా ఇట్లే అయింది.”

“నాయనా, నిన్న మిగిలిన ముద్ద నేను ల్యాబుకి ఎత్తుకోని పోయినా కదా. తెలిసిపోయింది.”

“ఇంతలోకేనా? ఇట్లాంటివి తేలాలంటే వారం పడుతుందని నువ్వే చెప్పినావే.”

“అది పాత పద్ధతి. రోగం తెచ్చే పురుగుని పెంచాల, ఏ పురుగో చూడాల, మళ్లీ పెంచాల. తెలిసేలోపల తిన్నోళ్లు లేచి తిరుగుతా ఉంటారు, లేదంటే పోయుంటారు. ఇప్పుడు మా సారు కొత్త మందు తెప్పించినారు. కంటికి ఆనని సన్న పూసలు. అన్నం కడిగిన నీళ్లలో ఆ పురుగు కక్కిన విషం ఉంటే పూసలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి, విరిగిన పాలమాదిరి అయిపోతాయి. విషం లేకుంటే పాలు పాలే. రాత్రి పెట్టినా, పొద్దునకల్లా తేలిపోయింది.”

“విరిగిందా?”

“విరిగింది.”

“నీ మందే తప్పయి ఉండకూడదా?”

“పక్కనే మంచి పెరుగన్నం కూడా పెట్టినా. అది విరగలే.”

“సుదర్శనం! అయిందాప్పా? జనం ఎండలో నిలబడుకోని ఉండారు.”

“ఇదిగో, వస్తా ఉండా రంగరాజు గారూ! మెల్లిగా మాట్లాడు వేదా. ధర్మకర్త ముందు మంటపంలోనే ఉండాడు.”

“ఈ పూట గంగాళంలోంచి ఒక్క చెంచా ఇవ్వు నాయనా.”

“స్వామికి చూపించకముందా? రుచి చూసేది లేదు, వాసన చూసేది లేదు. అందుకే కదా మూతికీ ముక్కుకీ ఈ గుడ్డ కట్టుకునేది. స్వామికంటే ముందు నీ పూసలకి తినిపించేదా?”

“సరే, చూపించినాక పంచడం ఆపు.”

“గంట కొట్టినాక అది అన్నం కాదు, ప్రసాదం. ప్రసాదం పారబోసేది నా తరమా?”

“అందుకే గంటకి ముందే ఆపమంటా ఉండా.”

“ఏమని చెప్పి ఆపేది?”

“ఆ పురుగు యాడుంటుందో తెలుసా? మనిషి ముక్కులో ఉంటుంది. చీము పట్టిన పుండులో ఉంటుంది.”

“ముక్కుకి గుడ్డ ఉండాదే.”

“చేతికి?”

“చేతికేముండాది?”

“కుడిచెయ్యి పైపంచె కింద ఎందుకు పెట్టుకోనుండావు?”

“చెమట పడుతుంటే.”

“చెమటకి చెయ్యి దాచుకుంటారా? చూపించు.”

“నాకు పనుండాదని చెప్తే...”

“నాయనా, చూపించు.”

“చూసుకో. అయిందా?”

“వేలికి నిమ్మకాయ తొడుక్కోనుండావే. గోరుచుట్టా?”

“మెల్లిగా. వింటాడాయన. పుండు చేత్తో స్వామికి వండినాడంటే మా తాత నాటి ఈ వంట వంతు రేపే మా దాయాది ముకుందానికి ఇచ్చేస్తారు. నాకు ఈ పొయ్యి తప్ప ఇంకేం తెలుసు? భయమేసి దాచినా.”

“ఎప్పటినించి?”

“అమావాస్య నించి.”

“ఆ చేత్తోనే కలిపినావా?”

“తెలివుండే అడుగుతా ఉండావా? ఈ వేలు ఉప్పు తగిలిన అన్నంలో పెడితే ప్రాణం పోతుంది నాకు. మిగిలిన వేళ్లతో పట్టుకోని గరిటెతోనే కలిపినా. నా చెయ్యి గంగాళం అంచు కూడా తాకలే.”

“అవ్వ ప్రాణం మీద ఉండాది నాయనా. అబద్ధం చెప్పొద్దు.”

“మడపల్లిలో నిలబడి అబద్ధం చెప్తానా? నా మొగం చూసి చెప్పు. చెప్తానా?”

“లేదులే. అన్నం వేడిగా దించిందే. అల్లం, మిరియాలు నూనెలో వేగినవే. ఇంకేం మిగిలింది?”

“పెరుగు.”

“పెరుగు యాడిది?”

“యాడిదేంది, మనింటిదే. సాయంత్రం నువ్వు ల్యాబునించి వచ్చి తోడేసేదే కదా. మొన్నా వేసినావు, నిన్నా వేసినావు. పాలు సరిగ్గా కాచినావా?”

“పొంగు వచ్చేదాకా కాచినా.”

“వేడి మీదే తోడేసేసినావా ఏమి?”

“లేదు. గోరువెచ్చన అయిందా లేదా అని అమ్మ మాదిరే వేలు ముంచి చూసి...”

“ఏమ్మా? ఆగిపోయినావే? ఆ వేలికి కట్టేంది?”

“ల్యాబులో గాజు పలక గీరుకునింది. పోయిన వారం.”

“ఆ కట్టుతోనే ముంచినావా?”

“లేదు. పాలల్లో గుడ్డ పడకూడదని విప్పేసి...”

“ఇప్పుడు విప్పు.”

“నాయనా.”

“విప్పమంటా ఉండానా?”

“చీము పట్టింది నాయనా. నాలుగు రోజులుగా సలుపుతా ఉండాది. చిన్న గాయమే కదా అనుకున్నా. ఊరోళ్ల అన్నం అంతా పరీక్ష చేస్తా, నా వేలు నేను చూసుకోలే.”

“సుదర్శనం! అర్చకస్వామి గంట చేతికి ఎత్తుకున్నాడు. ఇంకెంత సేపు?”

“ఒక్క నిమిషం రంగరాజు గారూ! ఇట్లా చూడు అమ్మణ్ణీ. నా గోరుచుట్టు వల్లనే అని చెప్పు.”

“ఏంది?”

“నువ్వు మొదట అనుకునింది అదే కదా. ఇప్పుడూ అదే చెప్పు. ఈ చెయ్యి బయటపడితే నా వంతు ఎట్లా నిలవదు. గోరుచుట్టు మీద రోకటిపోటు, ఒక్కడి మీదే పడనీ. ల్యాబులో పనిచేసే పిల్లే ఊరికి విషం పెట్టిందంటే నీ ఉద్యోగం ఉంటుందా?”

“నీ వంతు పోతుందే నాయనా. తాత నాటిది.”

“పోనీలే. ఏడవొద్దు. మొగం తుడుచుకో. నేను చెప్తా, నువ్వు ఊరికే నిలబడు.”

“ఏంది సుదర్శనం, లోపల ఏం జరుగుతా ఉండాది? వేదమ్మా, నువ్వా? ఏడుస్తా ఉండావేంది?”

“రంగరాజు గారూ, దీనికి కారణం నా...”

“నువ్వుండు నాయనా. పంచె కప్పుకో. రంగరాజు గారూ, గంట కొట్టనీయొద్దండి. మా నాయన చెయ్యి ఈ గంగాళాన్ని తాకలేదు. పాలల్లో పుండు వేలు ముంచింది నేను.”