వైర్ల బాబాయ్ బిగించిన ఫోన్లు

పరుపుల కంపెనీలో పంతొమ్మిదేళ్ళుగా ఫోనెత్తుతున్న ఆపరేటరమ్మకి ఆ వేళ టీ సహించలేదు. సోమవారం నుంచి కంపెనీ ఫోన్లన్నీ ఇంటర్నెట్టు మీదే నడుస్తాయట. షోరూముకీ, ఫ్యాక్టరీకీ, గోడౌనుకీ కలిపి ఒకటే నంబరట. మరి తన కుర్చీ సంగతేమిటి? మేనేజరుని అడుగుదామంటే నోరు పెగల్లేదు. అందుకే ఎదురు టీకొట్టు బెంచీ మీద, ఆ ఫోన్లు బిగించడానికొచ్చిన వైర్ల బాబాయ్ పక్కన చేరింది. ఆయన మాటలు కోటలు దాటుతాయని తెలుసు. అయినా ఆ విద్య తెలిసినవాడు ఆయనొక్కడేనాయె.

"ఇదివరకు ఎక్కడైనా పెట్టారా బాబాయ్ గారూ?"

"ఎక్కడైనానా! బిస్కెట్ల ఫ్యాక్టరీలో నలభై ఫోన్లు ఒక్క పూటలో బిగించానమ్మాయ్. ఓనరు సీట్లో లేకపోతే కాల్ వెతుక్కుంటూ ఆయన సెల్‌కి పోయేది. రైల్లో ఉంటే రైల్లోకి, పళ్ళ డాక్టరు కుర్చీలో ఉంటే అక్కడికి!"

"మాట అంత దూరం ఎలా పోతుందండీ?" నిజంగానే తెలుసుకోవాలనిపించిందామెకి.

"ఇంటర్నెట్టు మాటని సన్నగా తరిగి ముక్కలు చేసి పంపుతుంది, అవతల మళ్ళీ అతుకుతుంది. ఒకసారేమైందో తెలుసా? 'వంద పెట్టెలు వద్దు' అని ఒకాయన అంటే, ఆ 'వద్దు' దారిలో జారిపోయింది. వంద పెట్టెలూ ఆయన గుమ్మంలో దిగాయి! ఆ రోజే లైను సరిచేశా. ఇహ చూస్కో, అవతలివాడు తుమ్మితే ఇవతల గుమాస్తా బల్ల మీద కాగితాలు ఎగిరేవి."

"అబ్బో!" అన్నాడు పక్కనున్న గోడౌను గుమాస్తా.

"అబ్బో అని అప్పుడే అనకు, దాచుకో. ఫోనెత్తగానే 'ఆర్డరుకైతే ఒకటి నొక్కండి' అని ఒక గొంతు పెట్టా. ఎంత తియ్యని గొంతంటే, జనం బిస్కెట్లు మానేసి సంబంధం కలుపుకుంటామని కాల్ చేశారు. వాళ్ళకోసం విడిగా తొమ్మిదో నంబరు పెట్టాల్సొచ్చింది!"

గుమాస్తా పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆపరేటరమ్మకి మాత్రం నవ్వు రాలేదు. ఫోను డబ్బాయే తియ్యగా పలుకుతుంటే తన గొంతెవరిక్కావాలి?

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" బాబాయ్ గ్లాసు కింద పెట్టాడు. "గాలివాన! స్తంభాలు చీపురుపుల్లల్లా పడ్డాయి, కరెంటు పోయింది, ఇంటర్నెట్టు తీగ మధ్యకి తెగింది. పదకొండు దేశాల ఆర్డర్లు గాల్లో! నేను ఊరుకుంటానా? తెగిన తీగ ఒక కొస ఈ చేత్తో, రెండో కొస ఆ చేత్తో పట్టుకుని మూడు రోజులు కదలకుండా నిలబడ్డా. మాటలన్నీ నా ఒంట్లోంచే పోయాయి! ఇప్పటికీ నాకు రాని నాలుగు భాషలు నిద్దట్లో మాట్లాడతానని మా ఆవిడ గోల."

టీకొట్టాయన కూడా వడకట్టడం ఆపి వింటున్నాడు. ఆపరేటరమ్మ ముందుకి జరిగింది.

"బాబాయ్ గారూ, నాదొక సందేహం."

"అడుగమ్మాయ్, పదడుగు."

"మీ రెండు చేతులూ తీగలకే సరిపోయాయి కదా. మరి ఆ మూడు రోజులూ ఫోనెత్తిందెవరు?"

బెంచీ బెంచంతా గొల్లుమంది. బాబాయ్ కూడా నవ్వబోయాడు. ఆమె మాత్రం నవ్వకుండా ఆయన మొహంలోకే చూస్తోంది. వేళాకోళం కాదని ఆయనకప్పుడు తెలిసింది.

"కరెంటు పోయింది గంటసేపేలే," అన్నాడు గొంతు తగ్గించి. "తీగేం తెగలేదు, ఫోన్లు బ్యాటరీ మీద నడిచాయి. ఎత్తిందెవరంటావా... అక్కడా నీలాంటి ఆవిడే ఉంది. ఆ రోజు ఒకటి నొక్కినవాళ్ళూ, రెండు నొక్కినవాళ్ళూ విసుగెత్తి చివరికి ఆవిడనే అడిగారు. సరుకు ఎప్పుడొస్తుంది, ఎందుకు తడిసింది, ఎవరిని తిట్టాలి, ఇవన్నీ డబ్బాకేం తెలుసు? ఇప్పటికీ ఆవిడే ఎత్తుతోంది."

"ఇది కోతలు కోయడం కాదు కదా?"

"ఒట్టు. కోతైతే ఇంకా బావుండేది."

ఆపరేటరమ్మ చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి లేచింది. "అయితే పదండి, ఆ కొత్త డబ్బా మీద ఏ మీట దేనికో ఇప్పుడే నాకు చూపించండి."