రేపటి ప్రాక్టికల్స్‌కి రొయ్యలు

జంతుశాస్త్రం మాస్టారు కడుపారా తిని, చెయ్యి కడుక్కుని, ఫ్రిజ్ తెరిచి భార్యను కేకేశారు.

“ఇందులో పెట్టిన రొయ్యలేవే?”

“ఇప్పుడు లొట్టలేసుకుంటూ తిన్నారుగా, అవే!”

“కొంప ముంచావు! రేపు ప్రాక్టికల్స్‌లో పిల్లలు కోసి చూడాల్సినవే అవి!”

“కూరగాయల మధ్య పెడితే నాకేం తెలుసు? పెరట్లో నత్తలున్నాయి, పట్టుకెళ్లండి.”

“నత్తకు కాళ్లేవీ? అది మెత్తటి ఒళ్లున్న జాతి.”

“పోనీ, వానపాములు?”

“వాటికి ఒళ్లంతా ఉంగరాలే. నాకు కావాల్సింది పైన గట్టి పెంకు, కాళ్లకు కీళ్లు ఉన్న జీవి.”

“అంతేనా? సింకు కింద బోలెడు బొద్దింకలున్నాయి. డబ్బా నేను పట్టుకుంటాను, మీరు పట్టి అందులో వేయండి.”

మాస్టారు కుర్చీలో కూలబడి, కాళ్లు రెండూ పైకి లాక్కున్నారు.

“ఇందాక నత్తలు ఎక్కడున్నాయన్నావూ?”