పెంచలమ్మ కొన్న నా ఇంటి కాగితం

"జేజీ, పక్కింటి పెంచలమ్మజేజి ఏం పంపించినా నువ్వు మూతి ముడుస్తావు. మస్కట్‌లో ఉన్నప్పుడు మీ ఇద్దరికీ ఏం జరిగింది?"

ఏం జరిగిందంటే... ఏమీ జరగలే అమ్మీ. అదే బాధ. బాగా కొట్లాడుకోనుంటే తెగిపోయుండేది. ఆ ఉలవచారు గిన్నె ఆడ పెట్టి మూతెయ్యి. వాసన బాగుండాది లే, దాని చేతి వంట బాగలేదని నేనెప్పుడన్నా అంటినా? ఏంది, ఫోన్లో రికార్డు చేస్తాండావా? చేసుకో. దానికి మాత్రం వినిపీబాక.

ఇద్దరం మస్కట్‌లో అజైబా అనే పేటలోనే పని. నేనొక విల్లాలో, అది గోడవతల విల్లాలో. నేను దానికంటే రెండేండ్లు ముందు పోయినా, అది గుర్తుపెట్టుకో. అది వచ్చిన కొత్తల్లో వాషింగ్ మిషన్ తిరుగుతాంటే బెదిరి బయటికి పరిగెత్తినాది. ఇంటామెను మామా అనాల, ఖుబ్స్ అంటే రొట్టె, ఈ గుడ్డతో అద్దాలు తుడవాల, ఆ గుడ్డతో నేల తుడవాల అని గోడ మీద నుంచి అన్నీ చెప్పింది నేను. నేను చెప్పింటేనే అది ఆడ నిలబడినాది. ఇప్పుడడుగు, గుర్తుందా అని. ఉందంటాది లే. అది మర్చిపోయే రకం కాదు, అందుకే నాకు మంట.

నాకు అప్పుడు యాభై ఐదు రియాళ్లు జీతం. ఇంటికి పంపినాక మిగిలింది కూడబెట్టి, యేడాదికో గాజు చేయిస్తాంటి. మత్రా బజార్లో బంగారం అంగడి సేఠు నన్ను చూస్తానే కుర్చీ ఏస్తాండె. నెలకొక శుక్రవారం మాకు బయటికి సెలవు. రెండొందల బైసాలు, ఆడి చిల్లర, ఇచ్చి వ్యానెక్కితే మత్రా సముద్రం ఒడ్డున దిగేది. మన కడప పక్కోళ్లు, గోదావరోళ్లు అందరం ఆడ గట్టు మీద కూచుంటాంటిమి. నా చేతికి అప్పటికి నాలుగు గాజులు. దాని చేతికి మట్టిగాజులు. నాకెంత బాగుండిందో చెప్పలేనమ్మీ. ఏం పెంచలమ్మా, జీతమంతా ఏం చేస్తాండావే అని పదిమందిలో అడుగుతాంటి. అది నవ్వుతాండె.

కాగితాలు కొంటాండాది. ఆ సంగతి నాకు తెలిసేటప్పటికి యేడాదైపోయె.

కాగితాలంటే ఏం కాగితాలు? చెప్తా. ఆ కాలంలో మా పక్కనుంచి గల్ఫుకు పోవాలంటే ముందు ఇల్లు తాకట్టు పెట్టాల. ఏజెంటుకు కట్టాల గదా వీసాకు. టౌన్లో అప్పిచ్చేటోడు ఇంటి మీద కాగితం రాయించుకుంటాడు. మనం ఆడ చాకిరీ చేసి ఈడ వడ్డీ కడతాంటాం, అసలు అట్లే ఉంటాది. సరే, ఆ అప్పిచ్చేటోడికి కూడా ఒక్కోసారి చేతిలో డబ్బాడదు. లచ్చ రూపాయల కాగితం బీరువాలో ఉంటాది, లచ్చ ఎప్పుడొస్తాదో తెలీదు. అప్పుడు పెంచలమ్మ తమ్ముడు పోయి, అయ్యా, డెబ్బై వేలు రొక్కంగా ఇప్పుడే ఇస్తాం, ఆ కాగితం మా అక్క పేర మేడోవరు చెయ్యి అంటాడు. మేడోవరంటే, ఈ అప్పు ఇకమీద ఫలానా ఆమెది అని రాసి సంతకం పెట్టి, రిజిస్ట్రాఫీసులో మార్పించేది. అంతే, అప్పు దీనిదైపోయె. ఇంగ అప్పు కట్టాల్సిన ఆడమనిషి యాడుంది? మా మాదిరే మస్కట్‌లో. దాన్ని గట్టు మీద కూచోబెట్టి, వడ్డీ మీద వడ్డీ వద్దు, ఆ లచ్చనే నెలకింత అని ఈడనే నాకు కట్టు, తీరిపోతానే చెల్లు రాసిస్తా, ఇల్లు నీది అంటాది. ఆయమ్మ కండ్లనీళ్లు పెట్టుకుంటాది. పెంచలమ్మకు ముప్పై వేలు మిగుల్తాది.

దాని నాయన రిజిస్ట్రాఫీసు కాడ చెట్టుకింద దస్తావేజులు రాసేటోడులే. అట్ల వచ్చినాది ఆ తెలివి. మా నాయన మేకలు కాసినాడు. నాకేం వస్తాది? గాజులు చేయించుకునేది వస్తాది.

అది గట్టు మీద కూచుని కవర్లోంచి జిరాక్సు తీసి చదువుతాంటే, ఇల్లు ఎవరి పేరు, తూర్పున ఎవరు, పడమర ఎవరు అని చెక్కుబందీ అడుగుతాంటే, ఆడోళ్లంతా దాని చుట్టూ. నేను ఈ పక్కన ఒక్కదాన్నే, చాయ్ చల్లారిపోతాండె. కుళ్లే అమ్మీ. వేరే పేరెందుకు?

అది నన్ను కూడా అడిగినాది. ఒకసారి కాదు, మూడు సార్లు. నరసక్కా, మీ ఇంటి మీద ఏమన్నా కాగితం ఉంటే చెప్పు, నేను విడిపిస్తా, నెమ్మదిగా నాకు కట్టుకుందువు అని. నేనేమంటి? మా ఇంటికేం ఖర్మే, మాది చక్కగా ఉండాది అంటి. అబద్ధం. మీ అబ్బ, నా మొగుడు, నా వీసాకు అరవై వేలు తెచ్చి, వడ్డీ కట్టలేక, చివరికి లచ్చ అని ఈ ఇంటి మీద రాసిచ్చినాడు. ఈ ఇల్లే, మనం కూచున్న ఈ వసారా. దాని ముందర చెయ్యి చాపాల్నా అని చెప్పలే.

ఆ పెద్ద తుపానొచ్చి అజైబాలో ఇండ్లల్లోకి నీళ్లొచ్చినాయే, ఆ మరుసటేడు. రెండువేల ఎనిమిది అనుకుంటా. నాకు రెండు నెల్లు సెలవిచ్చిరి. ఇంటికొచ్చి, వడ్డీ డబ్బు కొంగున కట్టుకోని టౌన్లో అప్పిచ్చినాయన కాడికి పోతి. ఆయన తలెత్తకుండా చెప్పినాడు, నీ కాగితం నా కాడ లేదమ్మా అని. కొత్తగా మిల్లు పెట్టి డబ్బు చాలక నాలుగు కాగితాలు అమ్మేసినాడంట. లాడ్జి కట్టాలని ఒకాయన మా వీధి కాగితాలన్నీ అడిగినాడంట, అంతలో ఒక పిల్లోడు ముందొచ్చి రొక్కం పెట్టినాడంట. ఎవరయ్యా అంటే, మీ మస్కట్ పెంచలమ్మ తమ్ముడే గదమ్మా అన్నాడు.

ఇల్లు పోయిందనుకుంటి. ఇల్లు పోయేది ఒకెత్తు, అది దాని చేతికి పోయేది ఒకెత్తు. లాడ్జి ఆయనకు పోయింటే ఇంత ఏడ్సుండను, నిజం చెప్తాండా.

తిరిగి మస్కట్ పోయినాక మొదటి శుక్రవారం, మత్రాలో గట్టు మీద అందరి ముందర దాన్ని పట్టుకుంటి. నా సంసారం మీద కన్నేస్తివి గదే, నా ఇల్లు నువ్వెట్ల కొంటావే, నీకు గోడ మీద నుంచి పని నేర్పినందుకా అని నోటికొచ్చినట్ల తిడితి. అంతా అయినాక అది, మూడు సార్లు అడిగితి గదక్కా, లేదంటివి అనింది. అంతే అనింది. అప్పుడు చూస్తి చుట్టూ. నా ఇల్లు తాకట్టులో ఉండాదని దానికి తప్ప ఎవరికీ తెలీదమ్మీ. అదెవరికీ చెప్పలే. చాటింది నేనే.

కవర్లోంచి కాగితం తీసి చూపిచ్చె. మీ అబ్బ సంతకం, వంకరగా. నేనిచ్చింది డెబ్బై, నువ్వు డెబ్బై ఇస్తే చాలక్కా, నెలకు ముప్పై రియాళ్లు, ఇరవై నెల్లు అనింది. సరే అంటి. ఏమనాల ఇంగ?

నెలనెలా కడతా వస్తి. ఒక్క నెల తప్పలే. గాజులు చేయించేది మానేస్తి, సేఠు కుర్చీ ఏసేది మానేసినాడు. దగ్గర దగ్గర అయిపోవచ్చినాక, పద్దెనిమిదో నెలో ఏమో, అజైబాలో మా వీధిలోనే వంట చేసే గోదావరామె ఒకమాట అనింది. అందరి కాడా పెంచలమ్మ నిండు లచ్చ తీసుకుంటాండాది, నీ కాడనే డెబ్బై తీసుకుంటాండాదంటనే, నువ్వంటే ప్రేమ దానికి అని.

ప్రేమంట. నాకు కోపం నెత్తికెక్కె. అంటే నేను గతిలేనిదాన్నా? అందరికీ లచ్చ, నాకు ధర్మమా? ముప్పై వేలు ధర్మం చేసి, బతికినన్నాళ్లు నన్ను తలొంచుకోని తిరగమంటాదా? ఆ శుక్రవారమే సేఠు అంగడికి పోయి నాలుగు గాజులు తీసి బల్ల మీద పెడితి. ఆయన, ఎందుకు బెహన్, ఎందుకు బెహన్ అంటానే తూకమేసె. రెండొందల యాభై రియాళ్లొచ్చె. అట్లే పోయి కడాఖరి కంతులతో కలిపి దాని చేతిలో పెడితి. నీ ముప్పై నువ్వు తీసుకో, నాకెవరి ధర్మం వద్దు అంటి.

నేనేమనుకుంటి తెల్సా? అది ఏడుస్తాది, వద్దక్కా అని నా చేతులు పట్టుకుంటాది, నేను విదిలించుకోని పోతా అని. ఏం పట్టుకోలే. నా బోసి చేతులు చూసినాది. నా మొగం చూసినాది. వేలు తడిచేసుకోని లెక్కబెట్టినాది. సరిపోయిందక్కా అనింది. కాగితం మీద చెల్లు రాసి సంతకం పెట్టి నా చేతికిచ్చె. చాయ్ కూడా తాపించె.

తీసుకుంటాదా అమ్మీ అట్ల? ఇస్తే మాత్రం?

ఆ డబ్బు యాడికి పోయిందో తెల్సా. మన పక్కింటాయన అప్పుడు ఇల్లమ్ముతా అంటాండె. పెంచలమ్మ నా గాజుల డబ్బు అడ్వాన్సు కట్టి, మిగిలింది నెలనెలా మీకే కట్టుకుంటా వస్తా అని ఇంటాయనతోనే ఒప్పందం రాయించుకునింది. బ్యాంకు లేదు, ఏం లేదు. ఆరేండ్లు కట్టి తీర్చినాది. అదిగో, ఆ ఇల్లే. పొద్దున్నే లేచి వాకిలి ఊడుస్తానా, ఎదురుగా ఆ గోడ. నా నాలుగు గాజులు ఆ గోడలో ఉండాయి. ఇప్పుడు నాకు అది గోడ మీద నుంచి చెప్తాది, నరసక్కా, బీపీ మాత్ర ఏసుకున్నావా అని.

నీ ఇల్లు నీకు నిలబెట్టింది గదా అంటావు. నిలబెట్టింది. లేకుంటే ఈడ లాడ్జి ఉండేది, నువ్వు ఈ వసారాలో పుట్టి పెరిగేదానివి కాదు. నాకు తెలీక కాదు. తెల్సే కుళ్లుకుంటాండా, పదైదేండ్ల పైగా.

"జేజీ, పెంచలమ్మజేజి పిలుస్తోంది. గిన్నె ఖాళీ చేసి పంపమంటోంది."

వినిపిస్తాంది లే నాకు. చెవులు బాగనే ఉండాయి. దగ్గరికి రా, తలకాయ ఇట్ల పెట్టు. నీకెవరన్నా మేలు చేస్తే నవ్వుకుంటా తీసుకునే మనసు ఆ దేముడు నీకియ్యాల తల్లీ. నాకియ్యలే. నూరేండ్లు సల్లంగా ఉండు... ఊ, ఇంగ ఆ ఫోను పక్కన పెట్టు. కంచంలో అన్నం పెట్టుకురా. ఉలవచారు రెండు గంటెలు ఎక్కువే పొయ్యి.