ఎర్త్ వైరు కలిపిన ఆదివారం

ఈ పదవీ విరమణ సభకు అధ్యక్షులైన ఇంజనీరు గారికి, వేదిక మీది పెద్దలకు, నేనేం బయటపెడతానో అని బిక్కుబిక్కుమంటూ చూస్తున్న మా ఆయనకు, ఆయన స్నేహితులకు నమస్కారం. (నవ్వులు)

నేను దర్జీ పని చేస్తాను. చేతిలో కత్తెర ఉంటే ధైర్యం గానీ మైకు ఉంటే కాదు. రెండు ముక్కలు చెప్పమన్నారు. రెండు ముక్కలతో నేనెప్పుడైనా ఆగానేమో ఆయన్నే అడగండి.

ఈ టెలిఫోన్ ఎక్స్చేంజిలో బ్యాటరీల గది మా ఆయనది. కిందటేడు పాత బ్యాటరీలు తీసేసి వేలం వేస్తే, ఈయన పాడుకుని, ఒక్కోదాన్నీ పరీక్షించి, సత్తువ ఉన్నవాటిని ట్రాలీ ఆటోలో ఇంటికి చేర్చారు. మా మేడ మీద సోలార్ పలకలున్నాయి, కింద ఇన్వర్టరుంది, దాని బ్యాటరీ మాత్రం ఎప్పుడో చచ్చిపోయింది, అందుచేత నేను బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంటే సగం కుట్టులో కరెంటు ఆగేది, నా నోరు మాత్రం ఆగేది కాదు. (నవ్వులు)

వాటిని కలపడానికి ఒక ఆదివారం, ఇదిగో ఈ రెండో వరసలోని అన్నయ్యగార్లంతా వచ్చారు. వరండాలో బ్యాటరీలు పేర్చారు, వైర్లు బిగించారు, చేతులు దులుపుకున్నారు. స్విచ్ వేయగానే ఇన్వర్టరు కుయ్యోమని ఆగిపోయింది. ఫోను కేబుళ్లు అతికే జాయింటరు అన్నయ్యగారు వంగి చూసి, "అంతా కరెక్టేనమ్మా" అన్నారు. లైన్‌మన్ అన్నయ్యగారూ అదే మాట. నవ్వకండి అన్నయ్యగారూ, మీ గురించే చెబుతున్నాను! అంతా కరెక్టయితే నా మిషన్లెందుకు తిరగవో నాకు బోధపడలేదు.

భోజనాల దగ్గర మా ఆయన ముద్ద నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయారు. "ఒరేయ్, ఇది ఆఫీసు కాదురా, ఇల్లు!" అన్నారు. ఎక్స్చేంజిలో బ్యాటరీల ప్లస్సు కొసను భూమికి కలుపుతారట. ఇంటి ఇన్వర్టరుకు అది పడదట. ఉద్యోగమంతా అదే చేసిన చేతులు మా ఇంట్లోనూ అదే చేశాయి. తప్పు వెతికినవీ ఆ ఆఫీసు కళ్లే. అన్నీ ఆపేసి, ఆ ఎర్త్ వైరు తీసేసి, మళ్లీ స్విచ్ వేస్తే ఇన్వర్టరు బుద్ధిగా పనిచేసింది. (చప్పట్లు)

ఇక అసలు సంగతి. ఈ నెలంతా ఆయనకు తిండి సయించలేదు. మొన్న ఆ బ్యాటరీల పక్కన కూర్చుని, "రిటైరయ్యాక నేనెందుకు పనికొస్తానే?" అన్నారు. ఇంతమందిని నవ్వించే మనిషి నోట ఆ మాట వస్తుందని నేననుకోలేదు. దానికి జవాబు ఇప్పుడు మీ అందరి ముందూ చెబుతాను. ఏవండీ, ఆఫీసు వద్దన్న బ్యాటరీలతోనే నా మిషన్లు తిరుగుతున్నాయి. పాతవి కదా, వాటి చార్జి సగానికి మించి వాడొద్దని మీరే హెచ్చరించారు. మిమ్మల్నీ అంతే వాడుకుంటాను. (నవ్వులు) పొద్దున గుండీలు కుట్టిపెట్టండి, మధ్యాహ్నం హాయిగా పడుకోండి.

ఇన్నేళ్లూ ఆయన్ని కనిపెట్టుకుని ఉన్న మీ అందరికీ కృతజ్ఞతలు. రేపు పొద్దున అలవాటు కొద్దీ ఈయన సంచీ భుజాన వేసుకుని గేటు దాకా వెళతారు, నాకు తెలుసు. వెనక నుంచి ఆయన మాటే ఆయనకు అప్పజెబుతాను: "ఏవండీ, ఇది ఆఫీసు కాదు, ఇల్లు. లోపలికి రండి."

మీ దగ్గర ఇద్దరం కలిసే సెలవు తీసుకుంటున్నాం.