పక్క సీటు బరువు

నా దిండు పెట్టడానికి మీకు ఆ నూనె బల్ల తప్ప ఇంకో చోటే దొరకలేదా మేస్త్రీ గారూ?

చూశారా, కోపంగానే మొదలుపెట్టేశాను. ఏం చేయను, నేను ఇంతవరకూ ఏదీ రాసినదాన్ని కాదు. చిన్న బడితోనే నా చదువు ఆపేశారు. ఆ తర్వాత సంతకం పెట్టడానికీ, పిల్ల పుస్తకాల మీద పేరు రాయడానికీ తప్ప పెన్ను పట్టింది లేదు. ముందు ఏది రాయాలో, వెనక ఏది రాయాలో నాకెలా తెలుస్తుంది? పోనీ ఎదురుగా నిలబడి అడుగుదామా అంటే మీ కార్ల షెడ్డులో నా గొంతు పెగలదు. అది మీరూ చూశారు. అందుకే ఈ కాగితం.

నవ్వకండి. తప్పులుంటే ఉండనివ్వండి.

నేనెవరో తెలిసింది కదా? ఆ ఎర్ర కారు, రెండే తలుపులది, నేలకి బొజ్జ ఆనించుకుని పాకుతున్నట్టు ఉంటుందే, అది తోలే ఆయన భార్యని. మొన్న సాయంత్రం కళ్ళజోడు తెచ్చిచ్చిన మనిషిని. ఆయన అది ఇంట్లో మరిచిపోయి మీ దగ్గరికి వచ్చేశారు. కారుకి వేయించబోయే కొత్త స్ప్రింగుల మీద అంకెలు కనబడక నాకు ఫోను చేశారు. పొయ్యి కట్టేసి, చేతులైనా తుడుచుకోకుండా పరుగెత్తుకొచ్చాను.

"వచ్చావా, ఇలా ఇయ్యి" అన్నారు. అంతే. కూర్చో అనలేదు. మీరూ అనలేదనుకోండి, అది వేరే సంగతి.

బల్ల మీద మూడు రకాల స్ప్రింగులు నిలబెట్టి ఉన్నాయి. పసుపు చుక్కవి మెత్తనివి, తెల్ల చుక్కవి మధ్యరకం, ఎర్ర చుక్కవి గట్టివి. ఆ చుక్కలే లేకపోతే నా కంటికి మూడూ ఒకటే. మా ఆయన ఎర్ర చుక్కదాన్ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు చేతుల్లోకి తీసుకుని, "ఇవే, ఇంక మాట్లాడకు" అన్నారు.

మీరు మాట్లాడారు. లేదనను. "మరీ గట్టివండీ ఇవి. పందేల్లో తోలే దారి అద్దంలా ఉంటుంది. మీరు తిరిగే రోడ్డు అలా ఉందా? గుంతలో పడ్డప్పుడు స్ప్రింగు లొంగాలి. అది లొంగకపోతే కారే ఎగురుతుంది. చక్రం నేలని వదిలేస్తుంది" అన్నారు.

"ఇప్పుడున్నవి లొంగి లొంగి నన్ను చంపుతున్నాయయ్యా! మలుపు తిప్పితే పడవలా ఒరుగుతోంది. బ్రేకు వేస్తే ముక్కు నేలకి పెడుతోంది."

"అందుకేగా తెల్ల చుక్కవి వేసుకోమంటున్నది."

"కొండ రోడ్డు మీద కార్లు తోలే మా జట్టులో అందరూ ఎర్రవే వేయించారు."

"వాళ్ళ నడుములు వాళ్ళిష్టం" అన్నారు మీరు. నాకు నవ్వొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. మీరు మంచివారే అనుకున్నాను, అప్పటిదాకా.

అప్పుడు అడిగారు ఆ మాట. గుర్తుందా? "సరే, ఒక్కటి చెప్పండి. పక్క సీట్లో ఎవరైనా కూర్చుంటారా? ఇంకో మనిషి ఉండేటట్టయితే తెల్లవి. మీరొక్కరే అయితే మీ ఇష్టం, ఎర్రవే బిగించేస్తాను."

నేను మీ ఇద్దరి మధ్యే నిలబడి ఉన్నాను. ఖాళీ కళ్ళజోడు డబ్బా ఇంకా నా చేతిలోనే ఉంది.

"ఎవరూ కూర్చోరు. నేనొక్కణ్ణే" అన్నారు మా ఆయన.

ఎవరూ కూర్చోరట!

మరి సెలవు వచ్చిన ప్రతిసారీ ఆ సీట్లో కూర్చునేది ఎవరండీ? దయ్యమా? ఆ సీటు నా ఒంటికి తగ్గట్టు గుంట పడిపోయింది. తలుపు మీద నేను చెయ్యి పెట్టే చోట రంగు వెలిసిపోయింది. ఇంతెందుకు, ఆ దిండు ఎవరిదనుకున్నారు? మిగిలిన గుడ్డముక్కలన్నీ కూరి నేనే కుట్టుకున్నాను, నడుం వెనక పెట్టుకోవడానికి.

నా నడుం సంగతి మీకు తెలియదులెండి. ఎముకలు అరిగాయన్నారు డాక్టరమ్మ. కుదుపులు పడకూడదన్నారు. ఆయనకి తెలుసు. పక్కనే కూర్చుని విన్నారు. ఆ రోజు ఇంటికి వచ్చేటప్పుడు ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా కారుని దాదాపు ఆపేసి, నూనె గిన్నె దించినట్టు దించారు. వెనక బండ్లవాళ్ళు హారన్లు కొట్టి తిట్టినా పట్టించుకోలేదు. అదీ ఆయనే. ఇదీ ఆయనే. ఏ మనిషిని నమ్మమంటారు?

మెత్తగా తోలడం రాక కాదండీ. ఆయన ఉద్యోగమే అది. వారమంతా ఒక పెద్దావిడ కారు తోలతారు. ఆవిడ వెనక సీట్లో కాఫీ కప్పు పట్టుకుని కూర్చుంటే చుక్క తొణకదట. "ఒక్కసారీ తొణకలేదే" అని ఇంటికొచ్చి నాతోనే గొప్పలు. ఆవిడగారి షెడ్డులో తుప్పు పట్టి పడి ఉన్నదే ఈ ఎర్ర కారు. దాన్ని తెచ్చుకుని ఏళ్ళ తరబడి బాగుచేసుకున్నారు. ఆయన కింద దూరితే పైన లైటు పట్టుకున్నది నేనే. "వారమంతా ఒకరి కోసం తోలతాను, సెలవు రోజైనా నా కోసం తోలుకోనీ" అంటారు. తోలుకోనివ్వండి. నేనెప్పుడైనా వద్దన్నానా?

నాకు కారంటే పిచ్చి అనుకునేరు. కాదు. ఇంట్లో ఆ మనిషి నోట్లోంచి ఉప్పు తక్కువైందన్న మాట తప్ప ఇంకోటి రాదు. కారెక్కితే చాలు, మాటే మాట. ఆ శబ్దం విన్నావా, ఈ గేరు చూడు, ఆ లారీవాడు ఎలా తోలుతున్నాడో చూడు. కొండ మీద పెద్ద మలుపు దగ్గర ఆపి, అద్దం తుడుస్తారు. నాకు మంచినీళ్ళ సీసా మూత తీసిస్తారు. తీసి ఇస్తారండీ, అడక్కుండా! ఇరవై ఏళ్ళ కాపురంలో నాకంటూ ఉన్నది ఆ సీటే. ఎర్ర చుక్కవి వేస్తే నేను ఇంక ఆ సీట్లో కూర్చోలేను. ఆయన చేతిలో ఉన్నవి ఆయనకి ఇనప చుట్టలు. నాకు కాదు.

ఇదంతా నాకేం తెలుసంటారా? నిజమే, మీకు తెలియదు. దిండు మాత్రం చూశారు కదా. కారు ఒకసారి తోలి చూద్దామని మీరు పక్క సీట్లోకి ఎక్కుతూ, దాన్ని తీసి నూనె బల్ల మీదకి గిరాటేశారు. ఎవరూ కూర్చోని సీట్లో దిండెందుకుందని అడగాలనిపించలేదా? ఆయన ఎవరూ కూర్చోరన్నప్పుడు నా మొహం వంక చూశారు కూడా. చూసి, తల దించుకుని, పానా అందుకున్నారు. అడగాల్సిన ప్రశ్న అడిగి, ఆ జవాబు తీసుకోవడమేంటండీ?

సరే, ఇంటికి వచ్చాం. ఆటోలో. అన్నం పెట్టేటప్పుడు, గిన్నె వంక చూస్తూ అడిగాను, "ఎవరూ కూర్చోరన్నారేం?"

"ఎక్కడ?"

"కార్లో."

"ఓహ్, అదా!" అని నవ్వారు. నిజంగా నవ్వారండీ, కల్లాకపటం లేకుండా. "ఎవరూ అంటే బయటివాళ్ళెవరూ అని. నువ్వు ఎవరో పరాయిదానివా ఏంటే, లెక్క చెప్పడానికి?"

అని, పెరుగు కలుపుకున్నారు.

తిట్టుంటే ఏడ్చేదాన్ని. కావాలనే అన్నానంటే తలుపు వేసుకుని పడుకునేదాన్ని. ప్రేమగా అన్నారు! నువ్వు నాదానివి కాబట్టి లెక్కలోకి రావు అని. ఆ పెద్దావిడ పరాయిది, ఆవిడ కాఫీకి లెక్కుంది. మీరు పరాయివారు, మీ మాటకి ఎంతో కొంత లెక్కుంది. నేను సొంతమనిషిని. స్టెప్నీ టైరుని ఎవరైనా మనిషి అని లెక్కపెడతారా?

"నా నడుం..." అన్నాను.

"అలవాటవుతుందిలే. దిండు ఉందిగా" అన్నారు.

దిండు మీ బల్ల మీద ఉంది. అది కూడా ఆయనకి తెలియలేదు.

రాత్రంతా ఒకటే అనుకున్నాను. పొద్దున్నే వెళ్ళి చెప్పేయాలి. "ఆ సీట్లో నేను కూర్చుంటాను, తెల్లవి వేయండి." రెండు ముక్కలు. నోట్లో తిప్పుకుని తిప్పుకుని అరగదీశాను.

మర్నాడు పొద్దున ఆయన పనికి వెళ్ళగానే బయల్దేరి వచ్చాను. కారు జాకీల మీద లేచి ఉంది. చక్రాలు ఊడదీసి పక్కన పడేశారు. పాత స్ప్రింగులు నేల మీద, ముందువైపు కొత్తవి అప్పుడే బిగించేసి ఉన్నాయి. ఎర్ర చుక్క నా వైపే తిరిగి ఉంది. వెనకవైపువి ఇంకా బల్ల మీదే. అంటే ఇంకా సగం పని మిగిలే ఉంది. అంటే చెప్పొచ్చు.

"ఏం కావాలమ్మా?" అన్నారు మీరు, కారు కిందనుంచే.

నోరు తెరిచాను.

"దిండు" అన్నాను.

"ఆ బల్ల మీదుంది, తీసుకోండి" అన్నారు. తీసుకున్నాను. అడుగు మొత్తం నల్లగా జిడ్డు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సు స్టాపులో కూర్చున్నాను. బస్సు వచ్చింది, ఎక్కాను. దాని స్ప్రింగులు మీరు చూడాలి, అసలు ఉన్నాయో లేదో! దిండు నడుం వెనక పెట్టుకున్నాను. జిడ్డు అంటితే అంటనీ.

కండక్టరు అటునుంచి తలలు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు, వేలు ఆడిస్తూ. నా దగ్గర కూడా వేలు ఆగింది.

"ఎక్కడికమ్మా? ఎంతమంది?"

మా వీధి స్టాపు పేరు నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"కొండ మీద పెద్ద మలుపు దాకా" అన్నాను. "నేనొక్కదాన్నే."