మందు పనిచేసేదాకా

ఆస్పత్రిలో డయాలసిస్ గది. కుర్చీలో వెనక్కి వాలి అక్క, చేతికి గొట్టాలు. పక్కన స్టూలు మీద తమ్ముడు.

"అది కాదురా, ఇంకా ఎన్నాళ్ళు పడుతుంది అని అడుగుతున్నాను."

"దేనికి?"

"దేనికేమిటి! సిగరెట్లు మానడానికి డాక్టరు రాసిచ్చిన ఆ మాత్రలు పనిచెయ్యడానికి."

"మనిషిని బట్టి ఉంటుందక్కా. మొదటి వారం మాత్ర వేసుకుంటూనే కాల్చుకోమంటారు. ఆ తర్వాత కొందరికి వెంటనే సిగరెట్టు మీద మనసు విరిగిపోతుందట. కొందరికి నెల పడుతుంది. కొందరికి రెండు మూడు నెలలు కూడా..."

"నువ్వెప్పుడూ ఆ చివరి కొందరిలోనే ఎందుకుంటావురా? పుట్టేటప్పుడూ ఇంతే. అమ్మ రెండుసార్లు ఆస్పత్రికి వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చింది."

"అక్కణ్ణించి మొదలుపెట్టావా."

"మరేం చెయ్యను? నాలుగ్గంటలు ఇక్కడ కట్టేస్తారు. నా రక్తం ఆ మిషన్లోకి వెళ్ళి రావడం చూస్తూ కూర్చోవాలి, లేకపోతే నిన్ను కాల్చుకు తినాలి."

"చూశావా, నువ్వూ కాల్చడం మానలేకపోతున్నావు."

"నవ్వించకు. సూది కదులుతుంది."

"బావ రాలేదేం?"

"మాట మార్చకు. మీ బావకి షుగరుందని వద్దన్నారు గానీ, లేకపోతే ఆయన ఈపాటికి కిడ్నీ ఇచ్చేసి, కుట్లు విప్పించుకుని, పనిలోకి కూడా వెళ్ళిపోయేవాడు."

"అంటే, నేను ఇవ్వనన్నానా?"

"అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు."

"మరి? సరిపోయింది నాదొక్కటే అన్నారు, సరేనన్నాను. ఒంట్లో పొగ జాడ ఉంటే ఆపరేషన్ కుదరదన్నారు, మాత్రలు వేసుకుంటున్నాను. ఇంకా ఏం చెయ్యమంటావు?"

"గట్టిగా అరవకు. ఆ పక్క కుర్చీ ముసలాయన నిద్రపోతున్నాడు."

"అరవడం లేదు."

"రోజూ వేసుకుంటున్నావా అసలు?"

"రోజూ. రెండు పూటలా. కావాలంటే ఖాళీ అట్టలు తెచ్చి చూపిస్తాను. కలలు కూడా వస్తున్నాయి. ఈ మాత్రలకి పిచ్చి కలలొస్తాయని డాక్టరు ముందే చెప్పాడు."

"ఏం కలలు?"

"ఏవో."

"చెప్పరా. పొద్దు పోతుంది."

"రోజూ పనిలో లాగే నేను లిఫ్టు మీద నించుని రిపేరు చేస్తుంటాను. పై అంతస్తు నించి ఎవరో వంగి, లిఫ్టుని మోసే తాళ్ళలో ఒక తాడు విప్పి ఇవ్వు, పక్క బిల్డింగులో కావాలి అంటారు. విప్పి ఇచ్చేస్తాను."

"తర్వాత?"

"తర్వాత మెలకువొస్తుంది."

"అబద్ధం. చిన్నప్పుడూ కథ ఇలాగే సగంలో మింగేసేవాడివి."

"సిస్టర్ వస్తోంది. చెయ్యి కదపకు."

"బీపీ చూస్తానమ్మా. కొంచెం తగ్గింది... కళ్ళు తిరుగుతున్నాయా?"

"నా కళ్ళు కాదు సిస్టర్, వీణ్ణి చూసి చూసి నా తల తిరుగుతోంది."

"తమ్ముడుగారు ఇంకా మానలేదా? రేపేగా మళ్ళీ పరీక్ష. పొద్దున్నే వచ్చి శాంపిల్ ఇచ్చి వెళ్ళండి సార్. ఈసారి కూడా పొగ జాడ కనిపిస్తే మీ పేరు పక్కన పెట్టేస్తామంటున్నారు డాక్టరుగారు."

"ప్రయత్నిస్తున్నాను సిస్టర్."

"మా అన్నయ్యా ఇవే మాత్రలు వాడాడు. రెండో వారం వచ్చేసరికి, తడిగుడ్డ నములుతున్నట్టుంది అని ప్యాకెట్ తీసి కిటికీలోంచి గిరాటేశాడు. కింద వాచ్‌మన్ ఏరుకున్నాడు!"

"అందరికీ ఒకేలా ఉండదు కదండీ."

"ఉండదు, ఉండదు. కానీ వికారం మాత్రం అందరికీ ఉంటుంది. ఖాళీ కడుపున వేసుకోకండి. అమ్మా, కాళ్ళు కొంచెం పైకెత్తి పెట్టుకోండి. మళ్ళీ వస్తాను."

"సరేనమ్మా..."

"అక్కా, దిండు పెట్టనా కాళ్ళ కింద?"

"నిన్న నీ చొక్కాకి గుండీ కుట్టాను."

"ఊఁ. చూశాను. థాంక్స్."

"విడిచిన చొక్కా. ఉతకనిది. ముప్పై ఏళ్ళుగా జనం బట్టలు కుడుతున్నాను, ఎవరు ఏ వంట చేసొచ్చారో చొక్కా చెప్పేస్తుంది. నీ చొక్కా గ్రీజు వాసనొచ్చింది. చెమట వాసనొచ్చింది. అంతే."

"తగ్గించానుగా అక్కా. తగ్గించాను, మానలేదు. చెప్పానుగా."

"గుండీ కుడుతున్నప్పుడు నేనూ అదే అనుకున్నాను, పాపం తగ్గించాడు అని. సంతోషపడ్డాను కూడా."

"మరింకేం?"

"పోయినసారి పరీక్ష రోజు నా కుర్చీ ఆ కిటికీ పక్కన వేశారు. అక్కణ్ణించి స్కూటర్ల షెడ్డు కనిపిస్తుంది."

"నీళ్ళు తాగుతావా? ఒక గుక్క తాగొచ్చు కదా?"

"వద్దు. శాంపిల్ ఇవ్వడానికి పైకి రాకముందు నువ్వు షెడ్డులో నించున్నావు. సిగరెట్టు వెలిగించి, చాలాసేపు చేతిలోనే పట్టుకున్నావు. తర్వాత కళ్ళు మూసుకుని గబగబా పీల్చావు. మందు తాగినట్టు తాగావురా. చిన్నప్పుడు అమ్మ ముక్కు మూసి ఆముదం పట్టిస్తే తాగేవాడివి చూడు, అలా. ఆ తర్వాత గోడవారకి వెళ్ళి వాంతి చేసుకున్నావు."

"దగ్గొచ్చింది. దగ్గితే..."

"పైకొచ్చాకా అదే అన్నావు. దగ్గు అన్నావు. నమ్మాను. సిస్టర్ ఇప్పుడు ఆ తడిగుడ్డ మాట అనేదాకా నమ్ముతూనే ఉన్నాను."

"అక్కా..."

"నీకు సిగరెట్టు అక్కర్లేదు. వాయిదా కావాలి."

"అలా కాదు."

"ఎలా మరి?"

"ఆ మిషన్లో ఏదో అంకె మారిందక్కా."

"నా మొహం చూసి చెప్పు. మిషన్ని చూడకు, దానికేం తెలుసు."

"లిఫ్టుకి నాలుగైదు తాళ్ళుంటాయక్కా. ఉక్కువి. ఒక్క తాడు మీద కూడా లిఫ్టు పడిపోకుండా ఆగుతుంది. భయపడే వాళ్ళందరికీ నేనే చెప్తాను. నవ్వుతూ చెప్తాను."

"డాక్టరూ నీకు అలాగే చెప్పాడు. ఒక్క కిడ్నీతో నిశ్చింతగా బతకొచ్చని."

"నవ్వుతూనే చెప్పాడు. ఆయన చెప్పింది నిజమే, నాకు తెలుసు. కలలో తాడు విప్పి ఇచ్చాక, నన్నే ఆ లిఫ్టు ఎక్కమంటారు."

"ఎక్కుతావా?"

"లోపల నువ్వుంటావు. రారా అని పిలుస్తుంటావు. నేను తలుపు దగ్గరే నించుని, బూట్ల లేసులు కట్టుకుంటూ ఉంటాను. కట్టుకున్నవే మళ్ళీ మళ్ళీ."

"ఇన్ని నెలలు. నేను ఆ మాత్రల్ని తిట్టుకున్నాను. రోజూ దేవుడికి దణ్ణం పెట్టి, వాడికి మందు పనిచేసేలా చూడు అన్నాను. భయమేస్తోంది అని ఒక్క మాట అనుంటే..."

"అంటే?"

"ఏమో. తిట్టేదాన్నేమో. ఇప్పుడూ తిట్టాలనే ఉంది, ఓపిక లేదు."

"తిట్టక్కా."

"ఊరుకో. కళ్ళు తుడుచుకో, సిస్టర్ వస్తోంది."

"అమ్మా, ఎలా ఉంది? మొహం అలా అయిపోయిందేమిటి?"

"బానే ఉన్నాను. సిస్టర్, డాక్టరుగారికి ఒక మాట చెప్పాలి. వీడికి రేపు పరీక్ష వద్దు."

"అదేంటమ్మా?"

"వీడి ఒంటికి ఆ మందు పడలేదు. పాపం చాలా ప్రయత్నించాడు. కొందరికి అంతేనట, ఎన్నాళ్ళు వాడినా పనిచెయ్యదట. వీడి పేరు తీసేసి, నన్ను కిడ్నీ కోసం కాసుకునే ఆ వెయిటింగు వరసలోనే ఉంచమనండి."

"ఆ వరస ఎంత పొడుగో మీకు తెలుసు కదమ్మా. ఏళ్ళు పడుతుంది."

"తెలుసు. అలాగే రాసుకోండి. మందు పనిచెయ్యలేదు అని."

"సార్, మీరూ అదే అంటారా? మరి అలాగే చెప్పెయ్యనా డాక్టరుగారికి?"

"చెప్పండి సిస్టర్, వాణ్ణి అడగడం ఎందుకు? నేను చెప్తున్నానుగా."

"సార్?"

"పనిచేసింది సిస్టర్. రెండో వారంలోనే."